అంత మాట వినే పిల్లాడు ఇలా ఎందుకు చేశాడు?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా ఆయన తాపీ మేస్త్రి, హైదరాబాదులో పని, సంక్రాంతికీ పైడితల్లమ్మ పండక్కీ వస్తారు, మిగతా రోజులన్నీ ఫోనే. మాకు ఇద్దరు పిల్లలు. అబ్బాయికి పదహారు, విజయనగరంలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ చదువుతున్నాడు. పదో తరగతి దాకా ఎంత మాట వినేవాడంటే వీధిలో అందరూ గుంటడంటే మీ గుంటడే అనేవారు. ఎదురు చెప్పడం తెలీదు, వాళ్ళ నాన్న ఫోన్ వస్తోందంటే చాలు పుస్తకం తీసేవాడు. ఒకట్రెండు సార్లు బెల్టు దెబ్బలు తిన్నాడు లెండి, ఆ భయం ఉంది. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతానన్నాడు, వాళ్ళ నాన్న వద్దని ఎంపీసీలో వేస్తే ఒక్క మాట అనలేదు. అప్పులోళ్ళు కిస్తీకి వస్తే అమ్మ ఇంట్లో లేదని చెప్పరా అంటే అలాగే చెప్పొచ్చేవాడు, అంత మాట వినేవాడు. అలాంటోడు నేను డ్వాక్రా లోన్‌లోంచి తీసి హాస్టల్ ఫీజుకి ఇచ్చిన 8,000 ఫ్రెండ్స్‌తో కలిసి ఫోన్లో క్రికెట్ బెట్టింగుకి పెట్టేశాడు. కట్టేశానని రసీదు ఫొటో కూడా పంపాడు, అది ఇంకొకళ్ళ రసీదు మీద పేరు మార్చిందట. కాలేజీ వాళ్ళు ఫోన్ చేస్తే గానీ నాకు తెలీలేదు. నాన్నకి చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాడు. మా అత్తగారేమో అంతా తల్లి గారాబం, మొక్కై వంగనిది మానై వంగుతాదేటి అంటున్నారు. పాపకి పదకొండేళ్ళు, దానికి భయమే లేదు, అన్నిటికీ ఎందుకు అంటాది, అన్నయ్య తిన్న కంచం నేనెందుకు కడగాలి అంటాది. మొన్న లెక్కల్లో ఏడు మార్కులొచ్చాయని బడి నుంచి వస్తూనే గుమ్మంలోనే చెప్పేసింది. దీన్నైనా ఇప్పట్నుంచే గట్టిగా పట్టుకోవాలా? మా పెంపకంలో తప్పెక్కడ జరిగింది? ఆయనకి చెప్పాలా వద్దా? హాస్టల్ మాన్పించెయ్యమంటారా?

జవాబు: చెల్లీ, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాసేస్తున్నా.

ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం, పెంపకం గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. పోయింది 8,000 తోనే ఆగిందా లేదా అన్నది నీకింకా తెలీదు. బెట్టింగులో పడ్డ పిల్లలు మొదట చేతిలో ఉన్న ఫీజు డబ్బులు పెడతారు, అవి పోయాక ఎలాగోలా రాబట్టుకుందామని రూమ్మేట్ దగ్గర తీసుకుంటారు, ఆ తర్వాత ఎవడో సీనియర్ దగ్గర, చివరాఖరికి లోన్ యాప్. పదహారేళ్ళోడికి లోన్ ఎవడిస్తాడులే అనుకోకు, వేరే వాళ్ళ పేరు మీద తీయించుకోవచ్చు. కాబట్టి వాణ్ణి కూర్చోబెట్టి, ముందు అన్నం పెట్టి, తిట్లు పక్కన పెట్టి అడుగు, ఇంకా ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసివ్వరా, ఎంతున్నా నేను కొట్టను, కొట్టనివ్వను అని. ఎవరైనా యాప్ వాళ్ళు ఫోన్ చేసి బెదిరిస్తుంటే డబ్బు పంపించకు, 1930 కి ఫోన్ చెయ్యి, అది సైబర్ మోసాల మీద కంప్లైంట్ ఇచ్చే నంబరు. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది, అయినా పేర్లు మార్చుకుని వస్తూనే ఉన్నాయి, పిల్లల ఫోన్లకి లింకులు వస్తూనే ఉన్నాయి. ఇంకోటి, పిల్లాడు తిండి మానేసి మూలన కూర్చున్నా, నేనుండి ఏం లాభం లాంటి మాట నోటెంట వచ్చినా వాణ్ణి ఒంటరిగా వదలకు, 14416 కి చెయ్యి, టెలిమానస్ అంటారు, గవర్నమెంటుదే, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా పగలైనా ఎత్తుతారు, పైసా అక్కర్లేదు.

సరే, ఇక పెంపకం. నీ ఉత్తరంలో మాట వినేవాడు, మాట వినేవాడు అని ఎంత మురిసిపోతూ రాశావో ఒకసారి చూసుకో. వాడికేం ఇష్టం, ఎవరితో తిరుగుతాడు, హాస్టల్లో పక్క మంచం మీద ఎవరు పడుకుంటారు, దాని గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నిన్ను తప్పు పట్టడానికి అనట్లేదు, మన వైపు చాలా ఇళ్ళల్లో అంతే, పిల్లాడు ఎలాంటోడు అంటే మాట వింటాడా వినడా అనే చెప్తారు, అక్కడితో ఆపేస్తారు.

మాట వినడం ఒక్కటే నేర్పామనుకో, మన మాటే వింటాడని గ్యారంటీ ఏటుంది? ఎదురుగా నిలబడి ఎవరు గట్టిగా చెప్తే వాళ్ళ మాట వింటాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గట్టిగా చెప్పేది వాళ్ళ నాన్న, కాబట్టి పుస్తకం తీశాడు. హాస్టల్లో గట్టిగా చెప్పింది ఇంకెవడో, పెట్టరా రెట్టింపవుతాది అన్నాడు, వీడు పెట్టాడు. రెండు చోట్లా వాడు చేసింది ఒకటే పని. నాకొద్దురా బాబూ అని చెప్పడం వాడికి అలవాటు లేదు, ఇంట్లో వద్దు అంటే ఏమవుతుందో బెల్టు చూసి నేర్చుకున్నాడు కదా. మీ అత్తగారు మొక్కప్పుడు వంచలేదంటున్నారు గానీ నాకు చూస్తే మీరు బాగానే వంచారు, ఎవరు వంచినా వంగేంతగా వంచేశారు.

గ్రాజినా కొచాన్‌స్కా అని అమెరికాలో ఒక సైకాలజీ ప్రొఫెసర్ ఉన్నారు, 1990లలో చిన్న పిల్లల మీద చాలా పరిశోధన చేశారు. తల్లి పిల్లాణ్ణి బొమ్మలు సర్దమంటుంది, లేదంటే ఫలానా బొమ్మ ముట్టుకోవద్దంటుంది, వీళ్ళు చూస్తూ ఉంటారు. కొందరు పిల్లలు అది తమ పనే అన్నట్టు ఇష్టంగా చేస్తారు, కొందరు అమ్మ వెనకాల నిలబడి చెప్తున్నంతసేపే చేస్తారు. పైకి ఇద్దరూ మాట విన్నట్టే ఉంటుంది, మనం అయితే ఇద్దర్నీ బుద్ధిమంతులనే అంటాం. తేడా ఎక్కడ బయటపడిందంటే తల్లి గదిలోంచి వెళ్ళిపోయాక, ఇష్టంగా విన్న పిల్లలే ఎవరూ చూడకపోయినా ఆ మాట మీద ఎక్కువగా నిలబడ్డారు. నీ కొడుకు విషయంలో గదిలోంచి వెళ్ళిపోవడం అంటే విజయనగరం హాస్టల్, అంతే తేడా.

మరి ఆ రసీదు? అంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందని నీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు, నాకు లేదు. 2011లో విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అని ఇద్దరు పరిశోధకులు పశ్చిమ ఆఫ్రికాలో రెండు బళ్ళలో మూడు నాలుగేళ్ళ పిల్లల్ని చూశారు. ఒక బళ్ళో చిన్న తప్పుకి కూడా కర్రతో కొట్టడం మామూలు, రెండో బళ్ళో మందలించి వదిలేస్తారు. పిల్లాడి వెనకాల ఒక బొమ్మ పెట్టి, చూడకుండా చప్పుడు విని అదేంటో చెప్పు అని, పరీక్ష పెట్టే మనిషి కాసేపు బయటికి వెళ్ళిపోతారు. చిన్న పిల్లలు కదా, రెండు బళ్ళలోనూ చాలామంది తొంగి చూశారు. చూశావా అని అడిగితే మాత్రం దెబ్బల బడి పిల్లలు చాలా ఎక్కువమంది లేదని అబద్ధమాడారు, పైగా ఆ అబద్ధాన్ని అతుకు తెలియకుండా నిలబెట్టుకోవడం కూడా వాళ్ళకే బాగా వచ్చింది. దెబ్బలు తప్పుని ఆపలేదు, దాచుకోవడం నేర్పాయి. మీ వాడి రసీదు నాకు అలాగే కనిపిస్తోంది, డబ్బు పెట్టేటప్పుడు వాడికి భయం గుర్తు రాలేదు, పోయాక వచ్చింది.

ఇప్పుడు ఒకటి చెప్తాను, నొచ్చుకోకు. కిస్తీకి వచ్చినోళ్ళతో అమ్మ లేదని చెప్పించేదాన్ని అని నువ్వే రాశావు, అది కూడా వాడి మంచితనానికి సాక్ష్యంగా రాశావు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మీ అత్తగారు ఇంకో సామెత కూడా చెప్పి ఉండాల్సింది, కాకపోతే దానికి ఇంట్లో పెద్దోళ్ళందరూ జవాబు చెప్పాలి గనక ఎవరూ ఎత్తరు. చేతిలో డబ్బు లేనప్పుడు గుమ్మంలో నిలబడ్డ మనిషికి మొహం చూపించడం ఎంత కష్టమో నాకు తెలుసు, నువ్వు సరదాకి చెయ్యలేదు. కానీ పిల్లాడికి అందులో అందింది ఏంటంటే డబ్బు కట్టలేనప్పుడు కట్టాల్సినోళ్ళకి ఒక అబద్ధం చెప్పి గడువు తెచ్చుకోవచ్చు అని. వాడు నీకు చేసింది అదే కదా. ఇక మీదట ఎవరైనా వస్తే నువ్వే గుమ్మంలోకి వెళ్ళి ఇప్పుడు లేవండి, ఫలానా రోజు ఇస్తాను అని చెప్పు, పాప వింటూ ఉండగా చెప్పు. నాలుగు మాటలు అంటారు, పడాలి.

అలాగని మొత్తం నీ పెంపకమే అని నెత్తిన వేసుకోకు, ఆ బరువు నీది కాదు. పిల్లాడు ఫస్టొస్తే మా వంశం, తప్పు చేస్తే తల్లి పెంపకం, ఈ లెక్క ఎవరు కట్టారో గానీ మన ఇళ్ళల్లో బాగా పాతుకుపోయింది. ఒకే ఇంట్లో ఒకే అన్నం తిన్న ఇద్దరు పిల్లలు నీకే ఇంత తేడాగా ఉన్నారు, పుట్టుకతో వచ్చే స్వభావం ఒకటుంటుంది, దాన్ని ఎవరూ పెంచలేదు. పైగా ఆ వయసు ఒకటి. మార్గో గార్డనర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అని ఇద్దరు 2005లో ఒక ప్రయోగం చేశారు, కంప్యూటర్లో కారు నడిపే గేమ్, పసుపు లైటు పడ్డాక ఇంకొంచెం దూరం వెళ్ళాలా ఆపాలా అన్నది ఆడేవాళ్ళ ఇష్టం. పదమూడు నుంచి పదహారేళ్ళ పిల్లలు ఒక్కళ్ళే ఆడినప్పటికంటే స్నేహితులు పక్కనుంటే దాదాపు రెట్టింపు రిస్కు తీసుకున్నారు, పెద్దవాళ్ళలో పక్కనెవరున్నా పెద్ద తేడా రాలేదు. నలుగురు ఫ్రెండ్స్ ఒక మంచం మీద చేరి ఐపీఎల్ చూస్తూ పెట్టరా పెట్టరా అంటుంటే పదహారేళ్ళోడి బుర్ర ఎలా పని చేస్తుందో దీన్ని బట్టి ఊహించుకో. రేపు వాడితో మాట్లాడేటప్పుడు తప్పు తప్పు అని ఊరుకోకుండా, ఆ సమయంలో ఎవరెవరున్నారు, ఎవరేమన్నారు, నీకు లోపల ఏమనిపించింది అని అడుగు. వద్దనిపించిందా అని అడుగు. తప్పకుండా అనిపించే ఉంటుంది. అనిపించింది ఎందుకు బయటికి రాలేదో వాడి నోటితోనే చెప్పనీ, నీళ్ళు నములుతాడు, నమలనీ, మధ్యలో నువ్వు అందుకుని ఉపన్యాసం మొదలెట్టావంటే మళ్ళీ బుర్ర ఊపేసి వెళ్ళిపోతాడు.

వాళ్ళ నాన్నకి చెప్పాలా అంటే, చెప్పాలి. దాచావంటే వాడి అబద్ధంలో నువ్వు కూడా పార్ట్‌నర్ అయిపోతావు, రేపు వాడు ఇంకోటి చేసినప్పుడు అమ్మ ఉందిలే అనుకుంటాడు, సంక్రాంతికి ఆయన వచ్చాక వేరే ఎవరి నోటి నుంచో తెలిసిందా, ఇద్దరికీ కలిపి పడుద్ది. కానీ ఎలా చెప్పాలన్నది చూసుకోవాలి. ముందు కొడుక్కి చెప్పు, నాన్నకి చెప్తున్నాను, సగం నేను చెప్తాను, మిగతా సగం నువ్వే చెప్పాలి అని. ఆయనకి ఫోన్లోనే చెప్పు, పని దిగి, తిని, కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు. ఆయన హైదరాబాదులో ఉండటం ఈ ఒక్క విషయంలో కలిసొచ్చింది, కోపం వచ్చినా చెయ్యి ఇక్కడిదాకా అందదు, రైలెక్కి వచ్చేలోపు సగం చల్లారుతుంది. మమ్మల్ని కొట్టే పెంచారు, మేం పాడైపోయామా అంటారు, తప్పకుండా అంటారు. దానికి వాదించకు. కానీ నీకు తెలిసుండాలి కాబట్టి చెప్తున్నా, 2016లో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్ కేలర్ అని ఇద్దరు యాభై ఏళ్ళ పరిశోధనలన్నీ, లక్షా అరవై వేల మందికి పైగా పిల్లల వివరాలు, కలిపి చూస్తే దెబ్బలు ఎక్కువ తిన్న పిల్లల్లో పెద్దల్ని ధిక్కరించడమూ మొండితనమూ ఎక్కువగానే కనిపించాయి, తగ్గలేదు. మీ వాడు ధిక్కరించే రకం కాదు, అబద్ధం ఆడే రకం అయ్యాడు, అంతే.

ఆయన్ని నేను తప్పు పట్టట్లేదు చెల్లీ. ఎండలో పరంజీ ఎక్కి ఇటుకలు పేర్చే మనిషి నా కొడుకు ఈ పని చెయ్యకూడదు అనుకోవడంలో తప్పేం ఉంది? కానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఆయన ఇంట్లో ఉండరు, నువ్వేమో పిల్లలు మాట వినకపోతే నాన్నకి చెప్తా, నాన్నకి చెప్తా అంటావు, అందరు అమ్మలూ అంటారు, దాంతో ఆ ఇంట్లో నాన్నంటే పోలీస్ స్టేషన్ అయిపోయాడు, కేసుంటేనే తలుచుకుంటారు. ఆ మాట ఈ రోజు నుంచి మానెయ్. ఆయన ఫోన్ చేసినప్పుడు చదువుతున్నావా అన్న ఒక్క ప్రశ్నతో పెట్టెయ్యకుండా సైట్‌లో ఏం పని జరుగుతోందో, స్లాబ్ ఎప్పుడు వేస్తున్నారో పిల్లలకి చెప్పమను. నీ కొడుకు సివిల్ చదువుతానన్నాడు, అది ఎవరి పని చూసి అన్నాడనుకుంటున్నావు?

ఆ పాలిటెక్నిక్ సంగతి కూడా వదలకు. వాడి జీవితంలో వాడంతట వాడు నోరు తెరిచి అడిగింది నీ ఉత్తరంలో అదొక్కటే, అది కూడా వద్దంటే ఒక్క మాట అనలేదని గొప్పగా రాశావు. ఒక్క మాట అనకపోవడం ఒప్పుకోవడం కాదు కదా. తనకిష్టం లేని గ్రూపులో కూర్చున్నందుకే బెట్టింగుకి వెళ్ళాడని నేననను, అలా తేల్చెయ్యడం అన్యాయం. కానీ ఇప్పుడైనా అడగండి. ఇంకా అదే కావాలంటే దారి మూసుకుపోలేదు, పది పాసైతే చాలు పాలిసెట్ రాయొచ్చు, విజయనగరంలోనే గవర్నమెంట్ పాలిటెక్నిక్ ఉంది, మూడేళ్ళ డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి ర్యాంకు తెచ్చుకుంటే బీటెక్ నేరుగా రెండో సంవత్సరంలో చేరొచ్చు. వాళ్ళ నాన్నకి ఈ సంగతి తెలీకపోవచ్చు, సివిల్ అంటే సిమెంటు మొయ్యడమే అనుకుని ఉండొచ్చు. ఎంపీసీలోనే ఉంటానంటే ఉండనీ, ఆ మాట వాడి నోటి నుంచి రావాలి.

8,000 వాడే తీర్చాలి. కాలేజీ ఆఫీసుకి నువ్వు వాడితో పాటు వెళ్ళు కానీ మాట్లాడాల్సింది వాడు, ఫీజు కట్టలేదు, నేనే వాడేశాను, రెండు మూడు వాయిదాల్లో కడతాం అని. ఆ రసీదు సంగతి కూడా అక్కడే ఒప్పుకోవాలి, ఇంకొకళ్ళ రసీదు కాబట్టి ఆ పిల్లాడికి కూడా సారీ చెప్పాలి. మొహం మాడిపోతుంది, చెమటలు పడతాయి, నువ్వు జాలిపడి మధ్యలో అందుకోకు. తర్వాత నీ డ్వాక్రా కిస్తీ పుస్తకం వాడి చేతికిచ్చి నెలనెలా ఎంత కడుతున్నావో, వడ్డీ ఎంతో వాడితోనే రాయించు. పాకెట్ మనీలోంచి నెలకింత అని కోత పెట్టు, చిన్న మొత్తమైనా సరే. సెలవుల్లో ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఇంటి పనుల్లో కొన్ని వాడివి, అందులో కంచాలు కడగడం కూడా ఉంది.

కంచాలంటే పాప గుర్తొచ్చింది. దాన్ని గట్టిగా పట్టుకోవాలా అని అడిగావు, దయచేసి ఆ పని చెయ్యకు! నీ ఇంట్లో ఎవరూ అడక్కుండా నిజం చెప్పిన మనిషి అదొక్కతే. ఏడు మార్కులొచ్చాయని గుమ్మంలోనే చెప్పేసింది, నువ్వేమో దానికి భయం లేదని కంప్లైంట్ రాశావు. స్వీడన్‌లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అని ఇద్దరు 2000లో ఒక పరిశోధన అచ్చు వేశారు, పద్నాలుగేళ్ళ పిల్లలు బయట ఏం చేస్తున్నారో అమ్మానాన్నలకి ఎలా తెలుస్తుంది అని. అందరూ అనుకునేది నిఘా పెట్టడం వల్ల, ఆరా తీయడం వల్ల అని. వాళ్ళకి తేలింది ఏంటంటే అమ్మానాన్నలకి తెలిసిందాంట్లో ఎక్కువ భాగం పిల్లలు తమంతట తాము చెప్పిందే. అంటే రేపు పాపకి పదహారేళ్ళు వచ్చాక దాని ఫోన్ నువ్వు ఎన్ని చెకింగులు చేసినా, ఈ రోజు గుమ్మంలో చెప్పే అలవాటు పోతే నీకేమీ తెలీదు. కాబట్టి ఏడు మార్కులకి తిట్టకు, చెప్పినందుకు మంచిపని చేశావే అను, తర్వాత లెక్కల సంగతి చూడు.

అలాగని దాన్ని విచ్చలవిడిగా వదిలెయ్యమని కాదు. డయానా బామ్‌రిండ్ అని ఒకావిడ 1960ల నుంచే చెప్తూ వచ్చింది, కఠినంగా ఉండి కారణం చెప్పని పెంపకమూ, ప్రేమ ఉండి హద్దు పెట్టని పెంపకమూ కాకుండా, హద్దు పెట్టి అది ఎందుకో చెప్పి పిల్లల మాట కూడా వినే పెంపకం మేలని. ఆవిడ చూసింది అమెరికా ఇళ్ళు, అత్తగారూ పక్కింటి పిన్నీ అందరూ కలిసి పెంచే మన పల్లెల్లో అచ్చంగా అలాగే కుదరదు, అది వేరే సంగతి. నీకు పనికొచ్చేది ఇంతే. కొన్నిటికి బేరం లేదు, అబద్ధం, దొంగతనం, ఎవర్నైనా కొట్టడం, చీకటి పడ్డాక చెప్పకుండా తిరగడం. వాటికి కూడా ఎందుకో ఒకసారి చెప్పు. ఏ బట్టలేసుకోవాలి, జడ ఎలా వేసుకోవాలి, ముందు తెలుగు చదవాలా లెక్కలా, వీటి మీద దాని మాట నెగ్గనీ. గొంతు పెంచి నాయనమ్మ మీద అరిస్తే ఆపు, ప్రశ్న అడిగితే ఆపకు. ఇక అన్నయ్య కంచం నేనెందుకు కడగాలి అన్న ప్రశ్నకి నాకు కూడా జవాబు దొరకలేదు, నీ దగ్గర ఏదైనా ఉంటే దానికి చెప్పు, లేకపోతే ఎవరి కంచం వాళ్ళు కడుక్కోండి అని రూలు పెట్టెయ్, మీ అత్తగారు నాలుగు రోజులు గొణుగుతారు, తర్వాత అలవాటైపోతారు.

హాస్టల్ ఒకటి మిగిలింది. మీ ఊరి నుంచి చీపురుపల్లి వస్తే విజయనగరానికి రైలైనా బస్సైనా దొరుకుతుంది, రోజూ వెళ్ళి రావడం కుదరని పనేం కాదు. కానీ శిక్షలాగా రేపే పెట్టె సర్దించుకుని తీసుకొచ్చెయ్యకు, పరీక్షలు దగ్గర పడుతుంటే అవి అయ్యేదాకా ఉండనీ. ఆ రూమ్ మాత్రం మార్పించు, వార్డెన్‌తో మాట్లాడితే చేస్తారు, బెట్టింగు గుంపు ఆ రూములోదో కాదో ముందు కనుక్కో. పరీక్షలయ్యాక హాస్టలా ఇల్లా అని వాణ్ణే అడుగు, ఎందుకో కూడా చెప్పమను. ఈలోగా ఆ అప్పుల కాగితం ఆదివారం వాడు ఇంటికి రాగానే రాయించు, ఎవరికి ఎంతో తెలిశాక మొత్తం కానీ ఎక్కువగా ఉంటే నాకు మళ్ళీ రాయి.